తలుపు తీసే మనిషి



ఈ ఏడు క్రిస్మస్‌కి నేను మా ఇంట్లో ఉన్నాను. మా ఇల్లంటే గుంటూరులో పిల్లల్ని పెంచిన అద్దె ఇల్లు కాదు, హైదరాబాదులో మా అబ్బాయి ఫ్లాటూ కాదు. రేపల్లెకి దిగువన, కాలవ గట్టు పక్కనున్న మా పల్లెలో మా నాన్న కట్టిన రెండు గదుల ఇల్లు. నర్సుగా ముప్పై ఏడేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో క్రిస్మస్‌కి సెలవు దొరికిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రిటైరయ్యాక పిల్లలు ఎక్కడుంటే పండగ అక్కడే అయింది. మొన్న వేసవిలో ఈ ఇంటి కప్పు బాగుచేయించి, సామాను సర్దుకుని వచ్చేశాను. అందుకని ఈ రాత్రి, ఇరవై నాలుగో తారీకు రాత్రి, ఈ ఇంటి తలుపు తీసే మనిషిని నేనే.

ఆ మాట ఎందుకన్నానో చెబుతాను. ముందు పరిగె సంగతి చెప్పాలి.

మా వైపు క్రిస్మస్ వరికోతల్లో వస్తుంది. నవంబరు నెలాఖరుకి చేలు పండుబారతాయి. డిసెంబరంతా ఎటు చూసినా కోతలు, పనలు, కుప్పలు. మా అమ్మా నాన్నా కోతకి వెళితే కూలి గింజల్లో కొలిచేవాళ్ళు. ఆ గింజలు ఏడాది తిండి, వాటిని ముట్టుకోకూడదు. పండక్కి కావలసిన బియ్యం తేవలసింది పిల్లలం. చేను కోసి, కట్టలు కట్టి మోసుకుపోయాక నేలమీద అక్కడక్కడా వెన్నులు రాలి ఉంటాయి. వాటిని ఏరుకోవడమే పరిగె. తెల్లారకముందే వెళ్ళాలి, లేకపోతే ఇంకో పల్లె పిల్లలు వచ్చేస్తారు. కోసిన మోళ్ళు మంచులో తడిసి అరికాళ్ళలో గుచ్చుకునేవి. గౌను ముందు భాగం ఒడిలా పట్టుకుని, ఒక్కో వెన్నూ ఏరి అందులో వేసుకునేదాన్ని. మా అన్నయ్య ఎలుక కలుగు ఎక్కడుందో చూసి తవ్వేవాడు. లోపల ఎలుక దాచుకున్న వెన్నులు కట్టకట్టినట్టు ఉండేవి. ఇంటికి తెస్తే నాయనమ్మ కాళ్ళతో నలిపి, చేటలో చెరిగి, ఒక కుండలో పోసి మూత పెట్టేది. రెండు వారాలు తిరిగితే రెండు మూడు కుంచాల గింజలయ్యేవి.

సండే స్కూల్లో రూతు కథ చెప్పేటప్పుడు మా టీచరమ్మ పరిగె అంటే ఏమిటో మాకు వివరించలేదు. అవసరం లేకపోయింది. తెలుగు బైబిల్లో ఉన్నది కూడా ఆ మాటే. రూతు అత్తగారితో కలిసి పరాయి ఊరికి వచ్చి పరిగె ఏరుకుంది. ఏ ఊళ్ళో? బేత్లెహేములో. ఆమె మునిమనవడు దావీదు. ఆ దావీదు ఊళ్ళోనే యేసు పుట్టాడు. అక్కడ పండేవి యవలు, గోధుమలని పెద్దయ్యాక తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం నా మనసులో బేత్లెహేము చుట్టూ వరిచేలే. అక్కడి పిల్లల అరికాళ్ళ నిండా మోళ్ళ గాట్లే. యేసుప్రభువు మన లాంటి పల్లెలో పుట్టాడని పెద్దవాళ్ళు అంటే అది ఊరికే అన్న మాట అని నాకెప్పుడూ అనిపించలేదు.

పండగ నాలుగు రోజులుందనగా ఆ వడ్లు దంచి, బియ్యం నానపోసేవాళ్ళు. ఒక పగలూ ఒక రాత్రీ నానాక నీళ్ళు వాడ్చి, తడి ఆరకముందే రోట్లో పోయాలి. అమ్మా, మా పెద్దమ్మా ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి వేసేవాళ్ళు. రోకళ్ళు ఒక్కసారి కూడా తగిలేవి కావు. పిండి ఆరితే అరిసె గట్టిపడుతుందని, జల్లించిన పిండిని జల్లించినట్టే అదిమి పెట్టి, పైన తడిగుడ్డ కప్పేది నాయనమ్మ. పాకం దగ్గరికి మాత్రం ఇంకెవర్నీ రానిచ్చేది కాదు. బెల్లం కరిగి నురగ కట్టి, కుతకుతమనే చప్పుడు నెమ్మదించేది. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని రెండు చుక్కలు అందులో వేసి, వేళ్ళతో దగ్గరికి తీసేది. చేతిలో మెత్తగా ఉండ కట్టాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదురుపాకమైతే రాయవుతుంది. ఉండ కట్టగానే మూకుడు దింపి పిండి పోస్తుంటే, మా నాన్న తెడ్డుతో కలిపేవాడు. చలికాలం తెల్లవారుజామున ఆయన వీపంతా చెమట. నువ్వులద్ది, నూనె రాసిన అరిటాకు మీద తట్టి, వేయించి, రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె కారి కింద పళ్ళెంలో పడేది. ఆ వాసనకి మేము పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. అయినా మొదటి వాయి మాకు దక్కేది కాదు. మొదటి వాయి పాటలవాళ్ళది.

కొత్త బట్టల సంగతి అందరి ఇళ్ళలోలాగే. ఒకే తానులోంచి చింపిన గుడ్డ, అన్నయ్యకి చొక్కా, నాకూ చెల్లికీ గౌన్లు. దర్జీ ఇరవై నాలుగో తారీకు అర్ధరాత్రి దాకా మిషను తొక్కుతూనే ఉండేవాడు.

నక్షత్రం మా నాన్న పని. వెదురు చీల్చి, పది బద్దలు ఒకే కొలతకి కోసేవాడు. అయిదింటితో ఒక చుక్క, అయిదింటితో ఇంకో చుక్క. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి అయిదు కొనలూ దారంతో బిగించి కట్టేవాడు. తర్వాత మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట అయిదు జానెడు పుల్లలు అడ్డం పెట్టేవాడు. అప్పటిదాకా పడుకున్న చుక్క కడుపు ఉబ్బించి లేచి నిలబడేది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం కోసం మళ్ళీ చూసేదాన్ని. పైన గులాబీ రంగు, పసుపు రంగు పల్చటి కాగితాలు, మైదా ఉడికించిన జిగురు. కింద ఒకచోట అతికించకుండా వదిలేస్తే బుడ్డిదీపం లోపల పెట్టడానికి దారి. ఒక ఏడు గాలికి దీపం ఒరిగి నక్షత్రం భగ్గుమంది. బుడ్డి కింద పడేశాక చూస్తే కాగితమే పోయింది, బద్దలు నిలిచాయి. రంగు కాగితం మళ్ళీ కొనడానికి డబ్బుల్లేవు. నాన్న మిషను బడి పంతులుగారి దగ్గర పాత పేపర్లు అడిగి తెచ్చి అతికించాడు. దీపం వెలిగించగానే నక్షత్రం నిండా అక్షరాలు పైకి తేలాయి. మా వీధి పిల్లలందరం కింద నిలబడి, మెడలెత్తి, కూడబలుక్కుని చదువుకున్నాం. నాకు గుర్తున్న నక్షత్రాల్లో అంత బాగున్నది ఇంకోటి లేదు.

ఇక పాటలు. ఇప్పుడు అందరూ క్యారల్స్ అంటున్నారు, మేము పాటలకి పోవడం అనేవాళ్ళం. ఇరవై నాలుగు రాత్రి గుడిలో ఆరాధన అయ్యాక బయలుదేరేవాళ్ళు. ముందు ఒకాయన నెత్తిమీద పెట్రోమాక్స్ లైటు. మెడలో హార్మోనియం వేలాడేసుకుని ఉపదేశిగారు. డోలక్, కంజీరలు, తాళాలు, వెనకాల మేము. మాది లూథరన్ సంఘం. మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి మా జిల్లాలో అల్లుకుపోయిన సంఘం. అయితే మేము పాడేవి దొరలు తెచ్చిన బాణీలు కావు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి లాంటివాళ్ళు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టిన కీర్తనలవి. సంగీతం పాఠాలు ఎవరికి తెలుసు? అయినా మా పల్లెలో ముసలివాళ్ళు రాగం తప్పితే తల అడ్డంగా ఊపేవాళ్ళు. నాయనమ్మకి చదువు రాదు. కీర్తనల నంబర్లు మాత్రం అన్నీ వచ్చు. ఫలానా నంబరు అందుకోరా అంటే, ఉపదేశిగారు ఇంకేం చూసుకోకుండా అందుకునేవాడు.

ఇంటి ముందు ఆగి ఒక కీర్తన పూర్తిగా పాడాలి. లోపలివాళ్ళు మెలకువగా ఉన్నా తొందరపడి తలుపు తీయరు. చివరి చరణం అయ్యాక గడియ చప్పుడవుతుంది, దీపం కనిపిస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. ఉపదేశిగారు ప్రార్థన చేస్తారు. డబ్బాలో చిల్లర పడుతుంది. తర్వాత బెల్లం కాఫీ, మనిషికో అరిసె. మా ఇంటికి వచ్చేసరికి రాత్రి రెండు దాటేది.

మా ఇంట్లో అందరం పాటలకి వెళ్ళేవాళ్ళం, ఒక్క నాయనమ్మ తప్ప. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు అడిగాను, నువ్వెందుకు రావు నాయనమ్మా, నీకే కదా అన్ని కీర్తనలూ వచ్చు అని. ఆమె పొయ్యిలో పుల్లలు సర్దుతూ, "అందరం పాడుకుంటా పోతే తలుపు తీసేదెవరే?" అంది.

అప్పుడు నాకది పనికి సంబంధించిన జవాబులా వినిపించింది. ఇంటికి ఎవరో ఒకరు ఉండాలి కదా, దొంగలు రాకుండా, పొయ్యి ఆరకుండా. అంతే అనుకున్నాను.

తెల్లవారుజామున పక్క పల్లె కూడా తిరిగి వస్తుంటే, కాలవ వంతెన దగ్గర హరిదాసు ఎదురయ్యేవాడు. ధనుర్మాసం కదా. తలమీద అక్షయపాత్ర, భుజాన తంబుర, చేతిలో చిరతలు. ఆయన ఊళ్ళోకి వెళ్ళాలి, మేము పల్లెలోకి వెళ్ళాలి. వంతెన ఇరుకు. ఉపదేశిగారు మమ్మల్ని పక్కకి జరిపి ఆయనకి దారి ఇచ్చేవాడు. ఆయనా మాట్లాడేవాడు కాదు, మేమూ మాట్లాడేవాళ్ళం కాదు. చలిలో రెండు పక్కలా అందరివీ ఉత్త పాదాలే.

ఊరు, పల్లె అన్నాను. ఊరు పై కులాలవాళ్ళది, పల్లె మాది. ఆ మాట దాటి పోకూడదు. పండగనాడు గుడి అయ్యాక నాయనమ్మ పళ్ళేలు సర్ది, మీద గుడ్డ కప్పి మమ్మల్ని ఊళ్ళోకి పంపేది. నాన్న పనిచేసే ఆసామి ఇంటికి, పాలేళ్ళ ఇళ్ళకి, దర్జీకి, పోస్టుమాస్టరుగారికి. కొన్ని పళ్ళేలలో అరిసెలు, కొన్నింటిలో ఉత్త అరటిపళ్ళు. అరటిపళ్ళు ఎందుకంటే, మా ఇంట వండింది ఆ ఇళ్ళలో తినేవాళ్ళు కాదు. "తీసుకోగలిగిందే పంపాలమ్మా" అనేది నాయనమ్మ. ఆమె తలవంచిందని చాలా ఏళ్ళు నాకు కోపం ఉండేది. ఇప్పుడు ఆమె మీద కోపం లేదు, ఆమె ఒక్క గడపా వదలలేదు. పరిగె ఏరిన వడ్లతో చేసిన అరిసెని ముట్టుకోని ఇళ్ళు మాత్రం తప్పు చేశాయి. అది తప్పని చెప్పడానికి ఇన్నేళ్ళయినా నాకు గొంతు తడబడదు. నా చిన్నతనంలోనే, 1964లో, అప్పటి మా జిల్లా వినుకొండలో పుట్టిన కవి జాషువాగారి క్రీస్తు చరిత్రకి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పంతులుగారు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ కబురు చెప్పి పొంగిపోయేవారు. క్రిస్మస్ డ్రామాలో గొల్లవాడి వేషం వేసినవాడి చేత జాషువాగారి పద్యం చదివించేవారు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి చప్పట్లు కొట్టేవాళ్ళు.

1976లో నేను గుంటూరులో నర్సు ట్రైనింగులో చేరాను. మా పల్లెల ఆడపిల్లలకి ఈ దారి తెరిచింది మిషను ఆసుపత్రులు. అన్నా కుగ్లర్ డాక్టరమ్మ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1883లో. ఆడవాళ్ళని ఆడ డాక్టరు చూడడమనేది మా ప్రాంతానికి చాలావరకు అలా పరిచయమైంది. ఆమె తరవాత ఎన్ని తరాల మా ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టుకుని బయటికొచ్చారో.

మరుసటి ఏడు, 1977 నవంబరు 19, శనివారం. తుఫాను. కృష్ణకి అవతల దివిసీమలో ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళనే ఊడ్చుకుపోయింది. వేల మంది పోయారు. ఇవతల మా వైపు కూడా చెట్టూ ఇల్లూ మిగల్లేదు. ఆసుపత్రిలో మాకు పగలూ రాత్రీ ఒకటే అయింది. మావాళ్ళు బతికున్నారన్న కబురు నాకు తొమ్మిదో రోజున అందింది. క్రిస్మస్‌కి రెండు రోజులు సెలవిచ్చి పంపారు.

కాలవ గట్టు మీద నడుస్తుంటే చేలు చూడలేకపోయాను. కోతకొచ్చిన వరి నేలకంటుకుని కుళ్ళి మొలకెత్తింది. ఆ ఏడు పరిగె లేదు. చేనంతా పరిగే, ముట్టుకుంటే చేతికి వాసన. పల్లెలో మట్టిగోడలు కుప్పలుగా పడి ఉన్నాయి. మా ఇంటి గోడలూ పడ్డాయి, తలుపు రెక్కలు కొట్టుకుపోయాయి. ద్వారబంధం ఒక్కటి నిలబడి ఉంది. వేపచెక్కతో మా తాత చేయించింది. దాని వెనక నాలుగు తాటాకులు అడ్డం కట్టుకుని అమ్మా నాన్నా నాయనమ్మా ఉంటున్నారు.

ఆ రాత్రి పాటలు వద్దన్నారు సంఘపెద్దలు. చివరికి డోలక్ లేకుండా, హార్మోనియం లేకుండా, ఒక్క లాంతరుతో బయలుదేరాం. తట్టడానికి తలుపులు లేవు. ఒక్కో మట్టికుప్ప ముందు నిలబడి, గొంతులతోనే ఒక కీర్తన. కొన్ని కుప్పల వెనకనుంచి ఎవరూ రాలేదు, అక్కడ ఎవరూ లేరు కాబట్టి. అక్కడా కీర్తన పూర్తిచేశాం.

మా ఇంటి ముందు పాడుతుంటే నాయనమ్మ తాటాకుల కింద కూర్చుని మాకు కనిపిస్తూనే ఉంది. మధ్యలో గోడ లేదు. అయినా లేవలేదు. చివరి చరణం అయ్యేదాకా ఆగింది. అప్పుడు బుడ్డిదీపం తీసుకుని లేచి, పక్కనుంచి రాకుండా, ఆ ఉత్త ద్వారబంధంలోంచే నడిచి వచ్చి గడప మీద నిలబడింది. "రండయ్యా, లోపలికి రండి" అంది. మేమందరం ఒకరి తర్వాత ఒకరం తలవంచి, ఆ ద్వారబంధంలోంచే లోపలికి వెళ్ళాం. లోపల అంటే మీద ఆకాశమే. మనిషికో చిన్న బెల్లం ముక్క పెట్టింది. ఆమె జవాబు నాకు అప్పటికి అర్థమైంది.

ఆ తర్వాతి క్రిస్మస్‌లు ఎక్కువగా వార్డుల్లో గడిచాయి. 1978లో కరుణామయుడు సినిమా వచ్చింది. డ్యూటీ మార్చుకుని వెళ్ళి చూశాం, అంతా ఏడ్చుకుంటూ తిరిగొచ్చాం. ప్రతి ఇరవై నాలుగు రాత్రీ డ్యూటీలో ఉన్నవాళ్ళం కొవ్వొత్తులు పట్టుకుని వార్డు వార్డుకీ పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు, తెలివి వచ్చీ పోతూ ఉన్న ఒక పెద్దావిడ మా పాట విని మంచం మీద లేవబోయింది. చేతికి సెలైన్ ఉంది. పట్టుకుని పడుకోబెట్టబోతే, "తలుపు తియ్యండ్రా, పాటలవాళ్ళొచ్చారు" అని గొడవ చేసింది. నేను వార్డు తలుపు దాకా వెళ్ళి, మూసి, మళ్ళీ తెరిచాను. ఆవిడ తల దిండుకి ఆన్చింది.

ఇప్పుడు మా పల్లెలో చాలా మారింది. మిషన్లు కోస్తున్నాయి, పరిగె ఏరే పిల్లలు లేరు, ఏరవలసిన అవసరమూ లేదు. దానికి నేను సంతోషిస్తున్నాను. పిల్లలు బడిలో ఉండాలి, మోళ్ళలో కాదు. నక్షత్రాలు బజార్లో కొంటున్నారు, కరెంటు బల్బులతో రాత్రంతా వెలుగుతాయి. డిసెంబరు మొదలైతే చాలు సెమీ క్రిస్మస్‌లు. సౌండు బాక్సులు కాస్త తగ్గిస్తే కీర్తన మాట వినపడుతుందని మా యూత్ పిల్లలకి చెప్పాను, విన్నారు. ఊళ్ళోంచి ఒక పిల్ల వచ్చి నా దగ్గర అరిసెల పాకం నేర్చుకుంటోంది. ఒకప్పుడు మేము అరటిపళ్ళు తీసుకెళ్ళిన ఇంటి మనవరాలు.

తుఫాను తర్వాత నాన్న ఈ ఇల్లు ఇటుకలతో కట్టినప్పుడు ఆ పాత ద్వారబంధమే నిలబెట్టించాడు. దానికి కొత్త రెక్కలు, ఇనప గడియ పెట్టించాడు. మొన్న వడ్రంగి వచ్చి, గడియ బిగుసుకుపోయి కిర్రుమంటోంది, కాస్త నూనె వేస్తానమ్మా అన్నాడు. వద్దన్నాను.

మా అమ్మాయి కువైట్‌లో నర్సు. ఈ రాత్రి దానికి డ్యూటీ. పాటలవాళ్ళు మా ఇంటికి చివర్లో, రెండున్నరకి వస్తామన్నారు. అప్పుడు అక్కడ సరిగ్గా పన్నెండు. ఫోను తలుపు దగ్గర పెట్టమ్మా అంది, నువ్వు గడియ తీసిన చప్పుడు వినాలి అంది. మీరు ఈ మాటలు వింటున్న వేళకి పొయ్యి మీద కాఫీ నీళ్ళు పెట్టి ఉంటాను. నలభై గ్లాసులు కడిగి బోర్లించాను. మొదటి వాయి అరిసెలు విడిగా తీసి పెట్టాను.